పది శాతం లోపు

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలప్పుడు కాత్యాయని ముప్ఫై రెండో పేజీ దగ్గర ఆగిపోయింది. ఆగాల్సిన పేజీ కాదది. అసలెవరూ చదివే పేజీయే కాదు. సిడ్నీ పక్క పారమట్టాలో ఈ ఆఫీసులో చేరి అయిదేళ్ళుగా మట్టి రిపోర్టులు రాస్తోంది. ఆ పేజీని పాత రిపోర్టులోంచి తీసి కొత్తదాంట్లో పెట్టడమే తప్ప ఏనాడూ దాని మొహం చూసింది లేదు. ఇవాళ కళ్ళు గుంజుతుంటే చూపు ఎక్కడో ఒకచోట ఆనించాలి కదా అని అక్కడ ఆనించింది. అంతే, దొరికిపోయింది.

ఈ ఇళ్ళలో ఉండబోయేవాళ్ళు తినే కూరగాయల్లో, పళ్ళలో సొంత పెరట్లో పండేవి పది శాతం లోపే ఉంటాయన్న అంచనాతో మట్టిలో సీసానికి పరిమితి పెట్టారని ఆ ఇంగ్లీషు వాక్యం సారం.

పది శాతమట! రాత్రి ఇంట్లో తోటకూర పప్పు. ఇవాళ బాక్సులో గోంగూర పచ్చడి, అన్నం. ఫ్రిజ్‌లో తడిగుడ్డ చుట్టిన బచ్చలికూర రెండు కట్టలు, సగం కోసిన ఆనపకాయ. అన్నీ అలివేలు ఆంటీ పెరట్లోవే. వేసవి మొదలైందంటే ఆకుకూర కొన్న పాపాన పోలేదు కాత్యాయని. తనేంటి, తాముండే గిరావీన్‌లో ఆ చుట్టుపక్కల ముప్ఫై తెలుగిళ్ళ సంగతీ అంతే. గురువారం సాయంత్రానికి ఆంటీ వాకిట్లో బల్ల మీద కట్టలు వరసగా పేర్చి ఉంటాయి, ఒక్కో కట్టకీ రబ్బరు బ్యాండు, అందులో పేరు రాసిన చీటీ. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్ళు ఎవరి కట్ట వాళ్ళు పట్టుకుపోతారు.

ఈ రిపోర్టు స్థలం సరిగ్గా ఆంటీ ఇంటి వెనక కంచె అవతలే. ఒకప్పుడు అక్కడ కార్ల బ్యాటరీలు బాగుచేసే షెడ్డు ఉండేది. షెడ్డు పడగొట్టి పధ్నాలుగు టౌన్‌హౌస్‌లు కడుతున్నారు. బ్యాటరీల సీసం మట్టిలో దిగి ఉంది. కిలో మట్టికి మూడొందల మిల్లీగ్రాముల దాకా ఫర్వాలేదన్నారు, ఇక్కడ సగటు రెండొందల అరవై ఎనిమిది వచ్చింది. కంచె వారన రెండు గోతుల్లో మాత్రం నాలుగొందలు దాటింది. లెక్కలో సగటే చూస్తారు కాబట్టి పాస్. కానీ ఆ మూడొందలు నిలబడింది ఈ పది శాతం మీద. తినేది పది కాక యాభై అయితే ఆ అంకెకి అర్థమే లేదు.

లేచి మేనేజర్ క్రెయిగ్ గదికి వెళ్ళింది. క్రెయిగ్ చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు.

"ఈ అంచనా ఇక్కడ పనికిరాదు క్రెయిగ్," అంది. "ఆ ఇళ్ళు కొనేది ఎక్కువగా మావాళ్ళు. మావాళ్ళకి చారెడు మట్టి కనిపిస్తే గోంగూర గింజలు చల్లేస్తారు. రోజూ అదే తింటారు. పిల్లలకీ అదే పెడతారు."

అతను కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "ఎంత తింటారో నీ దగ్గర డేటా ఉందా?"

"మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది."

నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపి నెమ్మదిగా చెప్పాడు. "చూడు కాత్యా, విడిగా లెక్క కట్టాలంటే మూడు నెలలు. బిల్డర్ ఆగడు. ఇంకో కంపెనీకి పోతాడు, వాళ్ళూ ఇదే పేజీ పెడతారు. రూల్ మనం రాయలేదు. శుక్రవారానికి సంతకం పెట్టి ఇచ్చెయ్." ఆమె గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచాడు. "అన్నట్టు నీ నామినేషన్ కాగితాలు రెడీ. సోమవారం పంపేస్తాం. కంగ్రాట్స్!"

బెదిరించి ఉంటే పోనీ కోపమైనా వచ్చేది. మనస్ఫూర్తిగానే అన్నాడు మహానుభావుడు. పర్మనెంట్ రెసిడెన్సీకి కంపెనీ పంపే ఆ కాగితాల కోసం కాత్యాయని రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. భర్త బాలమురళి వీసా కూడా దాని తోకకే కట్టి ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో మురళితో చెబితే, అతను గిన్నెలు కడుగుతూ విన్నంతసేపు విని, కుళాయి కట్టేశాడు.

"లిమిట్ లోపలే ఉందా లేదా?"

"ఉంది."

"మరింకేంటే నీ గోల? అబద్ధం రాయమన్నాడా? లేదుగా. సోమవారం దాకా నోరు మూసుకో తల్లీ, నీకు దణ్ణం పెడతా."

దణ్ణం నిజంగానే పెట్టాడు, చేతులకి సబ్బు నురగతోనే. కాత్యాయనికి నవ్వు రాలేదు. పోట్లాడే ఓపికా లేదు. ఫ్రిజ్ తెరిచి బచ్చలికూర కట్టల వంక కాసేపు చూసి, తలుపు వేసేసింది.

గురువారం కంచె వారన ఇంకో నాలుగు చోట్ల చూడాల్సి ఉండి స్థలానికి వెళ్ళింది. మార్చి మొదటి వారం, పదకొండింటికే ఎండ వీపు మీద వాయిస్తోంది. ముక్కు పొడుగ్గా ఉన్న తుపాకీ లాంటి మిషన్ అది. నేల మీద గడ్డి గీకి, రాళ్ళు ఏరి, మట్టిని తాపీతో చదును చేసి, మిషన్ మూతి ఆనించి ఒక నిమిషం నొక్కి పట్టుకుంటే సీసం ఎంతుందో అంకె చూపిస్తుంది. ఒక్కో చోట మూడుసార్లు చూడాలి. మోకాళ్ళ మీద కూర్చుని, నొక్కి, రాసుకుని, లేచి, మళ్ళీ కూర్చుని. నాలుగో చోటు అయ్యేసరికి నడుం పట్టేసింది.

"ఎవరే అది? కాత్యాయనేనా?" కంచె మీంచి గళ్ళ టోపీ ఒకటి లేచింది. అలివేలు ఆంటీ. అరవై ఆరేళ్ళ మనిషి, ఆ టోపీ మనవడిది. "ఎండలో ఏం తవ్వుతున్నావే, లంకెబిందెలా? ఇటు రా, మజ్జిగ తాగి పో."

వెళ్ళకూడదు. సైట్ మిషన్‌తో పక్కవాళ్ళ స్థలంలోకి అసలు వెళ్ళకూడదు. వెళ్ళింది.

ఆంటీ పెరడు ఆ స్థలానికి పల్లంలో ఉంది. వాన పడితే అక్కడి నీళ్ళన్నీ కంచె కింది నుంచి ఇటే వస్తాయని, అందుకే తన గోంగూర అంత ఏపుగా వస్తుందని ఆంటీ ప్రతి ఏడూ చెప్పుకుంటుంది. నాలుగు మళ్ళు గోంగూర, రెండు తోటకూర, కంచెకి అల్లుకున్న బచ్చలి, పందిరి మీద ఆనప. మధ్యలో రెండేళ్ళ మనవడు మట్టిలో చతికిలపడి ప్లాస్టిక్ లారీకి లోడు ఎత్తుతున్నాడు. కొడుకు శివప్రసాద్, కోడలు గీతిక ఆఫీసులకి పోతే పగలంతా వాడు నానమ్మ దగ్గరే.

కాత్యాయని మజ్జిగ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. "ఆంటీ, ఒక్కసారి మట్టి చూడనా?"

"చూస్కో. నా మట్టి బంగారమే."

మిషన్ అయిదొందల పన్నెండు చూపించింది. మళ్ళీ చదును చేసి నొక్కింది. నాలుగొందల తొంభై. పిల్లాడు కూర్చున్న చోటికి జరిగి నొక్కింది. అయిదొందల నలభై. అంకె ఆంటీ చూడకుండా మిషన్‌ని ఒళ్ళో బోర్లించింది.

"ఏంటే, మొహం అలా పెట్టావు?"

చెప్పేసింది. సీసం అంటే ఏంటో, షెడ్డు నుంచి ఎలా వచ్చిందో, ఆకుల మీది దుమ్ములో, వేళ్ళలోంచి కాస్త ఆకులో ఎలా చేరుతుందో. పెద్దవాళ్ళ సంగతి ఎలా ఉన్నా పిల్లల మెదడుకి మంచిది కాదని కూడా చెప్పింది. అంతా విని ఆంటీ మనవణ్ణి చంకనేసుకుని కుళాయి దగ్గరికి పోయి, వాడు గింజుకుంటుంటే చేతులు కడిగింది. వేళ్ళ సందులు కడిగింది. నోరు తెరిపించి నాలిక కడిగింది. వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"రోజూ వీడికి ఆకుకూర పప్పే పెడతానే," అంది. "కొనుక్కొచ్చిన చెత్త పెట్టొద్దని గీతికతో తగువాడి మరీ పెడతా. అయ్యో! నా చేతులు విరగ."

"ఆంటీ, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. రక్తం పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. కంగారు పడకండి." నోటికొచ్చిన ధైర్యం చెబుతూ, అసలు మాట ఎలా అనాలో తెలీక కాత్యాయని మిషన్ మూతికి అంటిన మట్టి తుడిచింది. "ఇంకొకటి. ఈ మాట నేను చెప్పినట్టు బయటికి రాకూడదు. కంపెనీ మిషన్ మీ ఇంట్లో వాడకూడదు. ఆ స్థలం గురించి కూడా ఎవరితో అనకండి. సోమవారం నా వీసా కాగితాలు వెళ్తున్నాయి. దయచేసి ఆంటీ."

అలివేలు ఆంటీ మనవడి మూతి కొంగుతో తుడిచింది. "సర్లే. నీ పేరు రాదు." తర్వాత మళ్ళ వైపు తిరిగి అడిగింది. "మరి వీటినేం చెయ్యమంటావ్?"

"పీకేయండి. గ్రీన్ బిన్‌లో వేసేయండి."

"గ్రీన్ బిన్‌లో వేస్తే కౌన్సిల్ వాళ్ళు పట్టుకుపోయి ఎరువు చేస్తారు కదే? ఇంకెవరి పెరట్లోకో పోదూ ఇదంతా?"

అయిదేళ్ళుగా ఇదే ఉద్యోగం చేస్తున్న కాత్యాయనికి ఆ ఆలోచన రాలేదు. సిగ్గేసింది. "అవునాంటీ. సంచుల్లో కట్టి రెడ్ బిన్‌లో వేయండి, అదైతే చెత్తగుంటలోకే పోతుంది," అంది. ఆంటీ అప్పుడే చీర కుచ్చిళ్ళు దోపుకుని మొదటి మడిలోకి దిగింది.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకి రిపోర్టు మీద సంతకం పెట్టింది. పెట్టేముందు ముప్ఫై రెండో పేజీ కింద రెండు వాక్యాలు రాసింది, స్థానికుల తిండి అలవాట్లు వేరుగా ఉండొచ్చు అని. చదువుకుంది. తీసేసింది. మళ్ళీ రాసింది, మళ్ళీ తీసేసింది. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు కదా అని తనకి తాను నాలుగుసార్లు చెప్పుకుంది. నిజంగానే లేదు. అంకెలన్నీ సరైనవే, సగటు సరైనదే, రూలు సరైనదే. ఆంటీ పెరట్లో చూసిన అంకెలు స్థలం బయటివి కాబట్టి రిపోర్టులో ఉండే అవసరమే లేదు. పంపించేశాక బాత్రూంకి వెళ్ళి మొహం కడుక్కుంది. ఆ రోజు ఇంక ఏ పనీ సాగలేదు.

శనివారం పొద్దున మురళి సోఫాలో పడుకుని వాట్సాప్ గ్రూపు చూస్తూ లేచి కూర్చున్నాడు. "ఇదేంటే? మీ ఆంటీ అందరికీ ఫోన్లు చేస్తోందంట. ఈ నెల రోజుల్లో ఇచ్చిన ఆకుకూరలూ పచ్చళ్ళూ పారేయమంటోందంట. పురుగుమందు మోతాదు మించి కొట్టేసిందంట."

"ఎవరు, ఆంటీనా? మందు కొట్టిందా?"

"ఆవిడే చెప్పిందంట. పిల్లలకి ఒకసారి రక్తపరీక్ష కూడా చేయించమందంట. చూడు, ఒక్కొక్కళ్ళు ఎలా ఏకుతున్నారో." చదివి వినిపించాడు. ఇన్నాళ్ళూ ఆర్గానిక్ అని మన చేత తినిపించింది. ఫ్రీగా ఇస్తే అంతే మరి. అలాంటావిడకి పిల్లాణ్ణి అప్పజెప్పి గీతిక ఎలా ఉద్యోగానికి పోతోందో. నవ్వులు, ఏడుపు మొహాలు, నమస్కారాలు.

కాత్యాయని ఫోన్ లాక్కుని మొత్తం చదివింది. ఆ పెరట్లో మందు డబ్బా అడుగుపెట్టి ఎరగదు. వేపనూనె కూడా లెక్క చూసి కొట్టే మనిషి. వెంటనే ఆంటీకి ఫోన్ చేసింది.

"అలా ఎందుకు చెప్పారాంటీ?"

"మరేం చెప్పమంటావ్?" ఆంటీ గొంతు బొంగురుపోయి ఉంది. "ఊరికే పారేయమంటే ఎవరు పారేస్తారే? కారణం అడుగుతారు. నీ పేరు రాకుండా నాకు దొరికిన కారణం అదొక్కటే. ముప్ఫై ఒక్క ఇళ్ళు. ఇంకా నలుగురు ఫోన్ ఎత్తట్లేదు, ఉండు." పెట్టేసింది.

"నువ్వేం చెయ్యకు," అన్నాడు మురళి. ఆమె ఏమీ అనకముందే అన్నాడు. "ఒక్క వారం. జనం మర్చిపోతారు."

ఆదివారం మధ్యాహ్నం పార్కులో బార్బీ, అదే, బార్బెక్యూ. నెలకోసారి అందరూ తలా ఒక వంట పట్టుకొచ్చి కూర్చుంటారు. ఎలక్ట్రిక్ పొయ్యి మీద వెంకీ మొక్కజొన్న కండెలు, పనీరు కాలుస్తున్నాడు. బల్ల మీద పులిహోర, పెరుగు వడ, ఎవరో తెచ్చిన కేక్. ఎప్పుడూ ముందు ఖాళీ అయ్యేది ఆంటీ గోంగూర పచ్చడి. ఇవాళ ఆవిడ హారిస్ పార్క్‌లో మిఠాయి కొట్టు నుంచి రెండు కిలోల మైసూర్‌పాక్ కొనుక్కొచ్చి బల్ల చివర పెట్టింది. డబ్బా మూత తీసే ఉంది, ఎవరూ చెయ్యి పెట్టట్లేదు. కొన్నదాంట్లో మందెక్కడ ఉంటుందర్రా! ఆంటీ మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని విడిగా చెట్టు కింద కుర్చీలో ఉంది. వాడి మోచేతి మడతలో రక్తం తీసిన చోట చిన్న ప్లాస్టర్. రిజల్ట్ మంగళవారం వస్తుందని గీతిక చెప్పింది, అత్తగారి వైపు చూడకుండా.

కాత్యాయని ప్లేట్లో రెండు ముద్దలు పెట్టుకుని కెలుకుతూ కూర్చుంది. ఇంతలో బిందుమాధవి గట్టిగా చప్పట్లు కొట్టింది. సిడ్నీలో కాత్యాయనికి ఉన్న ఒకే ఒక్క గట్టి స్నేహితురాలు బిందు. పక్కన ఆమె భర్త ఆదర్శ్ చేతిలో లడ్డూల పెట్టె.

"అందరూ వినండి! మేం ఇల్లు కొన్నాం!"

గోల లేచింది. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి అంటూ అందరూ మూగారు. బిందు మొహం వెలిగిపోతోంది. "దిష్టి తగుల్తుందని ఎవరికీ చెప్పలేదే, ఏమనుకోకండి. కాత్యాకి కూడా చెప్పలేదంటే చూస్కోండి! మా అత్తగారి ఆర్డరు. కూలింగ్ ఆఫ్, అదే, వద్దనుకుంటే వెనక్కి తగ్గే గడువు దాటేదాకా ఒక్కళ్ళకి తెలీకూడదంది. మొన్నటితో అది అయిపోయింది. ఇంక మాదే."

"ఎక్కడే?" అంది కాత్యాయని.

"అలివేలు ఆంటీ వాళ్ళ వెనకే! కొత్త టౌన్‌హౌస్‌లు, ఇంకా కట్టాలి. మాది తొమ్మిదో నంబరు, కంచె పక్కది, దానికే పెరడు పెద్దది." బిందు తన మూడేళ్ళ కూతుర్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. "ఇంక నా గోంగూర నేనే పెంచుకుంటా. నా బంగారుతల్లికి మందూ మాకూ లేకుండా. ఆంటీ లాగా కాదు."

నలుగురైదుగురు కిసుక్కుమన్నారు. అలివేలు ఆంటీ తలెత్తింది. నోరు తెరిచింది. బిందు చంకలోని పిల్లని చూసింది, తర్వాత కాత్యాయనిని చూసింది, మళ్ళీ నోరు మూసుకుంది. ఒళ్ళో మనవడి వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ తుడవడం మొదలుపెట్టింది, శుభ్రంగా ఉన్న వేళ్ళనే.

కాత్యాయని ప్లేటు కింద పెట్టి లేచింది. మురళి చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుంది.

"ఆంటీ మందు కొట్టలేదు," అంది. "ఆవిడ పెరట్లో సీసం ఉంది, ఆ బ్యాటరీ షెడ్డుది. గురువారం మిషన్ పెట్టి చూసింది నేను. నా ఉద్యోగం పోతుందని నేనే బతిమాలితే ఆవిడ ఆ నింద నెత్తిన వేసుకుంది. బిందూ, నువ్వు కొన్న చోటుకి రిపోర్టు రాసింది కూడా నేనే. బాగానే ఉందని రాశాను. మనం తినేట్టు తింటే బాగాలేదు. నీ కంచె వారన మరీ బాగాలేదు."

పొయ్యి మీద పనీరు మాడుతున్న వాసన వస్తున్నా వెంకీ తిప్పలేదు. బిందు పిల్లని ఆదర్శ్‌కి అందించి దగ్గరికొచ్చింది.

"ఎప్పుడు సంతకం పెట్టావు?"

"శుక్రవారం."

"ఎన్నింటికి?"

"రెండున్నరకి."

"మాకు సాయంత్రం అయిదింటిదాకా టైముంది కాత్యా," అంది బిందు. అరవలేదు. "ఒక్క మెయిల్ కొడితే బయటపడేవాళ్ళం. నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు కొంటున్నావని నాకు తెలీదే."

"నేను కాకపోతే? వేరేవాళ్ళయితే ఫర్వాలేదా?"

కాత్యాయని బెంచీ మీద కూలబడి ఫోన్ తీసింది. క్రెయిగ్‌కి, బిల్డర్‌కి, కౌన్సిల్‌కి ఒకే మెయిల్. శుక్రవారం నాటి నా రిపోర్టులో సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. దాని అంచనా ఇక్కడ సరిపోదు. పొరుగు పెరట్లో అనుమతి లేకుండా నేను చూసిన అంకెలు ఇవి. బొటనవేళ్ళు తప్పుల మీద తప్పులు కొడుతున్నాయి. వెనక మురళి వచ్చి నిలబడ్డాడు. ఆపుతాడనుకుంది. అతను వెళ్ళి ఆంటీ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

బిందు పక్కకొచ్చి స్క్రీన్ మీదికి వంగింది. స్థానికుల్లో కొందరు ఎక్కువ తినే అవకాశముంది అన్నచోట వేలు పెట్టింది.

"కొందరేంటే, కొందరు? నంబరు తొమ్మిది టౌన్‌హౌస్‌లో మూడేళ్ళ పిల్ల రోజూ తింటుందని రాయి. నా పేరు రాయి, ఆదర్శ్ పేరు రాయి. ఫోన్ నంబరు కూడా పెట్టు. రేపు పొద్దున్నే వాళ్ళ ఆఫీసు ముందు నేనే నిలబడతా."

కాత్యాయని రాసింది. రాసి, తలెత్తి బిందు మొహంలోకి చూసింది.

"పంపు," అంది బిందు. "పంపాక కొన్నాళ్ళు మా ఇంటికి రాకు."

"సరే," అంది కాత్యాయని. పంపించేసింది.